మట్టిలో దొరికిన సంజీవని – యల్లాప్రగడ సుబ్బారావు

పసిబిడ్డకు జ్వరం వస్తే తల్లి మనసు తల్లడిల్లుతుంది. సిద్దిపేట వంటి పట్టణంలో ఈనాడు ఆ తల్లి బిడ్డను చంకనెత్తుకొని వైద్యుని వద్దకు వెళ్తుంది. వైద్యుడు పరీక్షించి, అవసరమనుకుంటే ఒక సూక్ష్మజీవనాశక ఔషధాన్ని వ్రాసి ఇస్తాడు. నాలుగు రోజులు గడిచేసరికి బిడ్డ లేచి ఆడుకుంటాడు. ఇది మనకు సాధారణమైన విషయంగా తోస్తుంది. కాని ఒక శతాబ్దం వెనుకకు వెళ్తే ఇది ఎవరూ ఊహించలేని అదృష్టం. బాక్టీరియా రక్తంలో ప్రవేశించి శరీరమంతటా వ్యాపించిందంటే, ఆనాడు ఆ బిడ్డ మీద ఆశ వదులుకోవలసి వచ్చేది. చిన్న పుండు, చెవిపోటు, విరేచనాలు కూడ మృత్యుద్వారాలయ్యేవి. ఆ ద్వారాలను మూయడానికి జీవితాన్ని ధారపోసిన శాస్త్రజ్ఞులలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పెద్ద కుటుంబం, చాలీచాలని ఆదాయం. అటువంటి ఇంట్లో చదువు కూడ భారమే. బాల్యంలో సుబ్బారావుకు పాఠాల మీద పెద్దగా శ్రద్ధ ఉండేది కాదు. ధనం సంపాదించి ఇంటి కష్టాలు తీర్చాలన్న తలంపుతో పదమూడో ఏట ఇల్లు విడిచి కాశీకి ప్రయాణమయ్యారు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి కోటీశ్వరుడు కావచ్చునని ఆ పసి మనసు లెక్కలు వేసుకొంది. ఆ ప్రయత్నం సాగలేదు. తల్లి పట్టుపట్టి కుమారుణ్ణి వెనుకకు రప్పించి, మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది.

వెంకమ్మ సామాన్యురాలు కాదు. భర్తను కోల్పోయిన తరువాత కూడ కుమారుని చదువు ఆగిపోవడానికి ఆమె ఒప్పుకోలేదు. సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష తప్పినంత మాత్రాన మనిషి విలువ తగ్గదని ఆయన జీవితం చెప్పకనే చెబుతుంది. ఆపై మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. మీరిప్పుడు ఉన్న మెట్టు మీదనే ఆయన కూడ ఒకనాడు నిలబడి, ముందు ఏ దారిన నడవాలా అని ఆలోచించారు.

ఆ వయస్సులో ఆయన మనసు ఆధ్యాత్మిక మార్గం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరి సన్న్యాసం స్వీకరించాలని నిశ్చయించుకొన్నారు. అందుకు తల్లి అనుమతి కావాలన్నారు మఠం పెద్దలు. తల్లి సమ్మతించలేదు. సేవ చేయాలన్న కోరిక బలంగా ఉంటే వైద్య విద్య ద్వారా కూడ సేవ చేయవచ్చునన్న ఆలోచన ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు చేర్చింది. సన్న్యాసి కాదలచిన యువకుడు ఆ విధంగా వైద్యుడయ్యారు. చదువు ఖర్చులకు మిత్రులు తోడ్పడ్డారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థికంగా ఆదుకొన్నారు. తరువాత ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది.

అవి జాతీయోద్యమం ఉధృతమవుతున్న రోజులు. గాంధీజీ పిలుపునకు స్పందించి సుబ్బారావు శస్త్రచికిత్స సమయంలో ఖద్దరు వస్త్రం ధరించారు. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. పరీక్షలలో మంచి ప్రతిభ కనబరచినా, ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టం మాత్రమే ఆయనకు దక్కింది. ఈ కారణంగా ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశించే అవకాశం చేజారింది. ఆయన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర బోధకులుగా చేరారు.

ఈ కాలంలోనే ఆ కుటుంబం మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి గురై ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలోనే మరణించారు. ఆ వ్యాధి సోకితే తిన్న ఆహారం ఒంటపట్టదు. విరేచనాలతో శరీరం క్షీణించి, రక్తం పలచబడుతుంది. ఆనాటి వైద్యులకు దానికి మందు తెలియదు. సుబ్బారావుకు కూడ అదే వ్యాధి సోకింది. లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్స వల్ల ఆయన కోలుకొన్నారు. తాను వైద్యుడై ఉండి కూడ తోడబుట్టినవారిని కాపాడుకోలేకపోయానన్న వేదన ఆయనను జీవితాంతం వెంటాడింది. రోగికి మందు ఇచ్చేవాడు కావడం చాలదు, లేని మందును కనుగొనేవాడు కావాలి అన్న సంకల్పం ఆ వేదన నుంచి పుట్టింది.

ఆ సంకల్పంతోనే ఆయన అమెరికాకు వెళ్ళదలచారు. మామగారు కొంత ధనం సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం ధర్మసంస్థ సాయం చేస్తానంది. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి, 1920వ దశకపు తొలి సంవత్సరాలలో ఆయన ఓడ ఎక్కారు. మరల ఈ నేలమీద అడుగు పెట్టలేదు. ఆయన దూరదేశంలో ఉండగానే కుమారుడు పుట్టి, పసితనంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డను ఆయన ఒక్కసారి కూడ ఎత్తుకోలేదు. శేషగిరమ్మ భర్త కోసం ఎదురుచూస్తూనే జీవితం గడిపారు. గొప్పవారి కీర్తిని తలచుకొనేటప్పుడు, ఆ కీర్తికి మూల్యం చెల్లించినవారిని కూడ తలచుకోవడం న్యాయం.

బోస్టన్ నగరం చేరిన సుబ్బారావు హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసించారు. ఎల్.ఎం.ఎస్. పట్టానికి అక్కడ వైద్యునిగా పనిచేసే అర్హత లేదు. చేతిలో డబ్బు లేదు. కనుక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. పగలు పాఠాలు, రాత్రి పాకీపని. చదువుకొన్నవాడు చేయదగిన పని కాదని ఆయన ఏనాడూ భావించలేదు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత, హార్వర్డు వైద్య కళాశాలలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధకులుగా చేరారు.

అక్కడ ఆయన చేసిన కృషి శాస్త్రలోకాన్ని ఆకర్షించింది. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతిని ఫిస్కే, సుబ్బారావులు రూపొందించి 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి వారిద్దరి పేర్లతోనే ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వ్యాపించింది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని వారు గుర్తించారు. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ వేరుగా కనుగొన్నారు. మీరు జీవశాస్త్ర పాఠంలో ఎ.టి.పి. పేరు చదివినప్పుడెల్లా, దాని వెనుక భీమవరం నుంచి వెళ్ళిన ఒక తెలుగువాని శ్రమ ఉన్నదని గుర్తుంచుకోండి. 1930లో ఆయన పిహెచ్.డి. పట్టం పొందారు. అయినప్పటికీ హార్వర్డులో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి లభించలేదు.

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే పరిశోధనాలయంలో చేరారు. అనతికాలంలోనే పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. ఇక్కడ ఆయన స్వభావం పూర్తిగా వెల్లడయింది. ఒక్కడే కూర్చొని ఒక్క విషయం మీద పరిశోధించడం ఆయనకు సరిపడలేదు. రసాయన శాస్త్రజ్ఞులను, వైద్యులను, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులను ఒక్కచోటికి చేర్చి, అనేక వ్యాధుల మీద ఏకకాలంలో యుద్ధం ప్రకటించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదే మందని తేలింది. ఇరవై ఏండ్లకు పైగా మోసిన ఋణాన్ని ఆయన ఆ విధంగా తీర్చుకొన్నారు. గర్భిణీ స్త్రీలకు ఈనాడు మన ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఐరన్ మాత్రలలో కలిసి ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. బోదకాలు వ్యాధి నివారణకు ఇంటింటా పంచిపెట్టే డి.ఇ.సి. మాత్ర కూడ 1947లో ఆయన బృందం లోకానికి అందించినదే.

ఇక ఈ పాఠానికి ముఖ్యమైన ఘట్టానికి వద్దాం. అప్పటికి పెన్సిలిన్ వాడుకలోకి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అది ఎందరి ప్రాణాలనో కాపాడింది. అయితే పెన్సిలిన్ ఒక వర్గానికి చెందిన బాక్టీరియాల మీద మాత్రమే బాగా పనిచేసేది. పేగులలో నివసించే అనేక బాక్టీరియాలు దానికి లొంగవు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. అది క్షయవ్యాధికి పనిచేసింది గాని, ఎక్కువ కాలం వాడితే వినికిడి దెబ్బతినేది. పైగా బాక్టీరియాలు త్వరలోనే దానిని తట్టుకోవడం నేర్చుకొన్నాయి. రెండు వర్గాల బాక్టీరియాల మీద పనిచేసే ఔషధం ఒకటి కావాలని సుబ్బారావు ఆశించారు.

అటువంటి మందును ఎక్కడ వెదకాలి? నేలలో. మన్నులో కోట్లాది సూక్ష్మజీవులు జీవిస్తాయి. అవి ఆహారం కోసం ఒకదానితో ఒకటి పోరాడుతూ, ఎదుటిదానిని చంపే రసాయనాలను స్రవిస్తాయి. ఆ రసాయనాలలో మనిషికి హాని చేయనివి దొరికితే అవే మందులు. ఈ వెదకులాటను సుబ్బారావు బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రజ్ఞునికి అప్పగించారు. డగ్గర్ విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై ఏండ్లు దాటిన వృద్ధుడు. వయస్సును చూడక విద్వత్తును చూసిన సుబ్బారావు ఆయన సేవలను వినియోగించుకొన్నారు. ఎన్నో ప్రాంతాల నుంచి మట్టి నమూనాలు తెప్పించారు. మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌బార్న్ క్షేత్రంలోని 23వ మడి నుంచి వచ్చిన మట్టిలో, 1945లో, బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవి కనిపించింది. దానికి ఎ–377 అని గుర్తు వేశారు. అది స్రవించే పసుపుపచ్చని పదార్థం రెండు వర్గాల బాక్టీరియాలను, టైఫస్ వంటి జ్వరాలు కలిగించే రికెట్సియాలను కూడ అణచివేసింది. బంగారు రంగును బట్టి దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన ఔషధాలలో మొట్టమొదటిది ఇదే.

1948 జూలైలో న్యూయార్కులో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆరియోమైసిన్‌ను లోకానికి పరిచయం చేశారు. కీర్తి డగ్గర్‌కు దక్కింది. పేటెంటు కూడ ఆయన పేరనే వచ్చింది. సుబ్బారావు తన పేరు కోసం ఆరాటపడలేదు. మందు రోగిని చేరితే చాలునన్నది ఆయన మతం. అప్పటికి సన్న్యాసం ఆలోచన విడిచి ముప్పై ఏండ్లు దాటినా, ఆయనలోని సన్న్యాసి ఎక్కడికీ పోలేదు.

పసిబిడ్డల విషయంలో ఆయన చేసిన మరొక మేలు కూడ చెప్పుకోవాలి. రక్త క్యాన్సరు సోకిన పిల్లలు ఆ రోజులలో కొద్ది వారాలలోనో నెలలలోనో మరణించేవారు. ఫోలిక్ ఆమ్లం అందకుండా చేస్తే క్యాన్సరు కణాల పెరుగుదల ఆగుతుందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ భావించారు. అందుకు కావలసిన అమినోప్టెరిన్ అనే మందును సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇచ్చి చూడగా, పదిమందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఈ ఫలితం 1948లో ప్రచురితమైంది. క్యాన్సరుకు మందులతో చికిత్స చేయవచ్చునన్న నమ్మకానికి అది పునాది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల చికిత్సలో ముఖ్యమైన మందు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిదురలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. స్వదేశం స్వతంత్రమై ఏడాది నిండవస్తున్నది. ఆరియోమైసిన్ లోకానికి తెలిసి నెల రోజులు కాలేదో, అయిందో. తన మందు లక్షల మందిని బ్రతికించడం ఆయన చూడలేదు. ఆ మందుకు తరువాత పట్టిన గతిని కూడ చూడలేదు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన తపాలా బిళ్ళను వెలువరించింది.

మహనీయుని జీవితం మరణంతో ముగియదు. ఆయన విడిచిపోయిన సంపదను మనం ఎట్లా వాడుకొన్నామన్నది కూడ ఆ జీవితకథలో భాగమే. కనుక తరువాతి చరిత్ర కూడ తెలుసుకోవాలి.

బాక్టీరియాలు ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి రెట్టింపు కాగలవు. కోట్ల సంఖ్యలో పుట్టే ఆ జీవులలో ఏ ఒక్కదానిలోనో మందును తట్టుకొనే మార్పు వస్తుంది. మందు వాడినప్పుడు మిగిలినవి చచ్చి, అది ఒక్కటే మిగిలి, తన సంతతిని పెంచుకొంటుంది. మందు అవసరం లేనప్పుడు వాడినా, చాలీచాలని మోతాదులో వాడినా, మనమే ఆ మొండి బాక్టీరియాను ఏరి పెంచినవారమవుతాము. పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ బహుమతి స్వీకరిస్తూ ఈ ప్రమాదాన్ని గురించి హెచ్చరించారు. అంతకంటె వింతైన విషయం జపానులో 1950వ దశకంలో బయటపడింది. అక్కడ రక్తవిరేచనాల బాక్టీరియా టెట్రాసైక్లిన్‌తో సహా నాలుగు రకాల మందులను ఒకేసారి ఎదిరించింది. ఆ ఎదిరించే శక్తి ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి దానంగా సంక్రమిస్తున్నదని శాస్త్రజ్ఞులు గ్రహించారు.

ఆరియోమైసిన్ కథలో ఒక విషాదకరమైన మలుపు కూడ ఉంది. ఆ మందును తీసిన తరువాత మిగిలిన పిప్పిని లెడర్లే శాస్త్రజ్ఞులు జూక్స్, స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు మేతగా పెట్టి చూశారు. కోడిపిల్లలు వేగంగా బరువు పెరిగాయి. 1950లో ఈ సంగతి వెల్లడయ్యాక, రోగం లేని కోళ్ళకు, పందులకు, పశువులకు కూడ యాంటీబయాటిక్ కలిపిన మేత పెట్టడం లోకమంతటా అలవాటయింది. మనిషి ప్రాణం కోసం వెదకి తెచ్చిన మందు మాంసం తూకం పెంచే సాధనమైంది. దానివల్ల మందులకు లొంగని బాక్టీరియాలు పెరుగుతాయని గుర్తించి ఐరోపా సమాజం 2006లో ఈ పద్ధతిని నిషేధించింది. మన దేశంలో చివరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్ అనే మందును మేతలో వాడడాన్ని ప్రభుత్వం 2019లో నిషేధించింది.

దక్షిణ భారతంలో కూడ హెచ్చరిక ముందే వినిపించింది. టైఫాయిడ్ రక్తంలో వ్యాపించే వ్యాధి, అది పిల్లలను ఎక్కువగా పీడిస్తుంది. దానికి క్లోరాంఫెనికాల్ తిరుగులేని మందుగా ఉండేది. 1972లో కేరళలోని కాలికట్ ప్రాంతంలో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. ఆపై ఒక్కొక్క మందూ బలం కోల్పోతూ వచ్చింది. 2016 నుంచి పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో వ్యాపించిన టైఫాయిడ్‌కు చాలా మందులు పనిచేయలేదు.

మందుకు లొంగని బాక్టీరియా రక్తంలో చేరే ముప్పు ఏ బిడ్డకు ఎక్కువ? వైద్యులు దీనిని గురించి ఎంతో పరిశీలించారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు, తక్కువ బరువుతో పుట్టినవారికి, పోషకాహారం లేక చిక్కిపోయినవారికి ఈ ముప్పు ఎక్కువ. వారి శరీరంలో రోగనిరోధక శక్తి తక్కువ గనుక బాక్టీరియా సులభంగా రక్తంలోకి దిగుతుంది. ఆసుపత్రిలో చాలా రోజులు ఉండవలసి వచ్చిన పిల్లలకు, ముఖ్యంగా తీవ్ర చికిత్సా విభాగంలో ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. సిరలో అమర్చిన గొట్టం, శ్వాసయంత్రం, మూత్రనాళంలో ఉంచిన గొట్టం ప్రాణాన్ని నిలబెట్టే సాధనాలే. అయినా శుభ్రత లోపిస్తే బాక్టీరియాకు అవే రహదారులవుతాయి. అంతకుముందే అనేక యాంటీబయాటిక్‌లు వాడిన బిడ్డ శరీరంలో మంచి బాక్టీరియాలు నశించి, మొండివి మాత్రమే మిగిలి ఉంటాయి. చేతులు సరిగా కడుగుకోకుండా ఒక బిడ్డ నుంచి మరొక బిడ్డ వద్దకు వెళ్ళే పెద్దల వల్ల కూడ అవి సంక్రమిస్తాయి.

క్యాన్సరు చికిత్స పొందుతున్న పిల్లల పరిస్థితి మరీ సున్నితమైనది. మందుల ప్రభావం వల్ల వారి తెల్లరక్తకణాలు తగ్గిపోతాయి. ఆ రోజులలో జ్వరం వస్తే గంటల వ్యవధిలో సరియైన యాంటీబయాటిక్ పడాలి. ఆ మందు పనిచేయకపోతే, క్యాన్సరును జయించిన బిడ్డ కూడ బాక్టీరియా చేతిలో ఓడిపోవచ్చు. సుబ్బారావు అందించిన రెండు వరాలు ఆ బిడ్డ పడక వద్ద కలుసుకొంటాయి. ఒకటి క్యాన్సరును అణచేది, రెండవది బాక్టీరియాను అణచేది. రెండవది బలం కోల్పోతే మొదటిది కూడ వ్యర్థమవుతుంది.

ఇది ఊహ కాదు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో 2011 నుంచి 2014 వరకు 13,530 మంది నవజాత శిశువులను పరిశీలించారు. వారి రక్తంలో క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్, ఇ.కోలై అనే బాక్టీరియాలు ఎక్కువగా కనిపించాయి. ఎసినెటోబాక్టర్‌లలో ప్రతి ఐదింటిలో సుమారు నాలుగు అనేక మందులకు లొంగనివిగా తేలాయి. ప్రపంచవ్యాప్తంగా 2019లో మందులకు లొంగని బాక్టీరియాల వల్ల నేరుగా 12 లక్షల 70 వేల మంది మరణించారని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. వారిలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరు ఐదేండ్లలోపు పిల్లలు.

అయితే నిరాశ చెందవలసిన పని లేదు. ముప్పునకు కారణాలు తెలిశాయంటే నివారణ మార్గాలు కూడ తెలిసినట్లే. గర్భిణులకు మంచి ఆహారం, బిడ్డకు తొలి గంటలోనే తల్లిపాలు, సకాలంలో టీకాలు, పరిశుభ్రమైన నీరు, సబ్బుతో చేతులు కడుగుకోవడం ఇవన్నీ బాక్టీరియాను దరిచేరనీయని కోటగోడలు. రోగమే రాకపోతే మందుతో పని లేదు, మందు వాడకపోతే మొండి బాక్టీరియా పుట్టే అవకాశం తగ్గుతుంది. హైదరాబాదులో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు 2017 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. ఆరు నెలలు నిండిన పసిబిడ్డలకు కూడ దానిని వేయవచ్చు. సుబ్బారావు మందుతో సాగించిన పోరాటాన్ని తెలుగునేల టీకాతో కొనసాగిస్తున్నదని చెప్పవచ్చు. శక్తిమంతమైన కొన్ని యాంటీబయాటిక్‌లను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మినప్పుడు పుస్తకంలో నమోదు చేయాలని 2014 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. మందు అట్ట మీద నిలువుగా ఎర్రని గీత ఉంటే, వైద్యుని సలహా లేకుండా దానిని వాడరాదని అర్థం.

ఈ విషయంలో విద్యార్థుల బాధ్యత చిన్నది కాదు. ఇంట్లో చదువుకొన్నవారు మీరే కావచ్చు. చెల్లికి జలుబు చేస్తే, పోయినసారి తమ్మునికి వ్రాసిన మందులో మిగిలిన మాత్రలు వేద్దామని అమ్మ అనవచ్చు. జలుబు చాలావరకు వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు అని చెప్పవలసినది మీరే. సుబ్బారావు అందించిన టెట్రాసైక్లిన్‌నే తీసుకోండి. అది పెరిగే పిల్లల దంతాలకు శాశ్వతంగా మచ్చలు తెస్తుంది గనుక ఎనిమిదేండ్లలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. ఎంత గొప్ప మందైనా ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్న విచక్షణ తప్పదు. జ్వరం తగ్గగానే మందు మానివేద్దామని నాన్న అంటే, వైద్యుడు చెప్పినన్ని రోజులు వేయాలని గుర్తుచేయవలసినది మీరే. గజ్వేల్, సిద్దిపేట పరిసరాలలో కోళ్ళను పెంచే కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులైతే, ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకు మందు కలిపిన మేత అవసరం లేదని, పశువైద్యుని అడిగి వాడడమే మేలని ఇంటిలో చెప్పగలరు.

భీమవరంలో పుట్టి, రెండుసార్లు పరీక్ష తప్పి, సోదరులను పోగొట్టుకొని, కన్నబిడ్డను కనులారా చూడక, పరదేశంలో పాకీపని చేసి, లోకానికి ప్రాణభిక్ష పెట్టిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన తన మందుల మీద పేరు వ్రాసుకోలేదు, వాటిని ధనంగా మార్చుకోలేదు, లోకానికి అప్పగించి వెళ్ళిపోయారు. అప్పగింతగా వచ్చిన సొమ్మును జాగ్రత్తగా కాపాడి తరువాతి తరానికి అందించడం మన ధర్మం. ఆసుపత్రిలో ఒక పసిబిడ్డకు రేపు అవసరమయ్యే మందు పనిచేయాలంటే, ఈనాడు మన ఇంట్లో అవసరం లేని మాత్ర ఒకటి వేయకుండా ఆగాలి. సుబ్బారావుకు మనం అర్పించగల నిజమైన నివాళి అదే.